ఈ పేరు తీసేయాలా?

మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చే పీరియడ్‌లో సైన్సు చెప్పడమంటే నిద్రపోయేవాళ్ళకి జోల పాడటమే. ఆరో తరగతి బి సెక్షనుకి ఆ పీరియడ్ నాది. ఫ్యాను వేడిగాలినే అటూ ఇటూ తిప్పేది. టిఫిన్ డబ్బాల వాసన, చెమట, తడిసిన సాక్సులు, అన్నీ కలిసి ఆ గదిలో కాపురం పెట్టేవి. నేను బోర్డు మీద కిరణజన్య సంయోగక్రియ అని రాయడం పూర్తయ్యేసరికి వెనక బెంచీల్లో తలలు వాలిపోయేవి. ఆ మాట పొడుగు చూస్తే నాకే ఆవులింత వస్తుంది, వాళ్ళనేం అంటాం.

ప్రశ్న అడిగితే ఎప్పుడూ ఆ ముందు బెంచీ చేతులే లేచేవి. వాటిలో ఒకటి నా కూతురిది. సొంత పిల్ల ఉన్న తరగతికి పాఠం చెప్పడం ఎంత తలనొప్పో చెప్పినవాళ్ళకే తెలుసు. దాన్ని అడిగితే ఇంట్లో బట్టీ పట్టించి తెచ్చిందంటారు. అడగకపోతే అది మొహం ముడుచుకుని కూర్చుంటుంది. కాకిపిల్ల కాకికి ముద్దే గానీ, బళ్ళో ఆ ముద్దు బయటపడకూడదు. గేటు దాటామంటే నేను దానికి మేడమ్‌ని, అది నాకు ముందు బెంచీ రెండో అమ్మాయి.

అందుకే శిక్షణ తరగతుల్లో పేర్ల చక్రం చూపించినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. పిల్లల పేర్లన్నీ ఎక్కిస్తే డిజిటల్ బోర్డు మీద రంగురంగుల ముక్కలతో ఒక చక్రం వస్తుంది. వేలితో తోస్తే గిర్రున తిరిగి ఒక పేరు దగ్గర ఆగుతుంది. ఆగగానే చిన్న పెట్టె ఒకటి పైకి వచ్చి, "ఈ పేరు తీసేయాలా?" అని అడుగుతుంది. "తీసేయి" నొక్కితే ఆ పేరు పక్కకి పోయి మిగతావాళ్ళకి వంతు వస్తుంది. అందరి వంతూ అయ్యాక "మళ్ళీ మొదటి నుంచి" అని నొక్కితే పేర్లన్నీ వచ్చి ఎవరి చోట వాళ్ళు కూర్చుంటాయి. ఎవర్ని అడిగినా చక్రానిదే పాపం, నాది కాదు.

పిల్లల అసలు పేర్లు ఇంటర్నెట్‌లో పెట్టకూడదని ఆఫీసు నియమం. అది మంచి నియమమే, ఇక్కడా పాటిస్తాను. నచ్చిన పేరు పెట్టుకోండర్రా అంటే తరగతంతా పండగ చేసుకున్నారు. ఎగిరెగిరి పడేవాడు మిడత అయ్యాడు. ఒక్కచోట నిలవని పిల్ల బొంగరం. బెంచీ విరగ్గొట్టినవాడు పిడుగు. అందర్నీ నవ్వించి నవ్వించి కళ్ళల్లో నీళ్ళు తెప్పించే పిల్ల ఒకతి ఉండేది, తను ఉల్లిపాయ అని రాయించుకుంది. నా కూతురు చాలాసేపు పెన్సిలు కొరికి చినుకు అంది. ఎందుకలా అంటే చెప్పలేదు. ఇంటికొచ్చాక అడిగితే, "ఏమో, పిలిస్తే బాగుంటుందని" అంది.

చక్రం తిరిగితే ఒక్కడూ నిద్రపోయేవాడు కాదు. అది ఆగేముందు నెమ్మదిస్తుంటే గదిలో ఊపిరి చప్పుడు కూడా వినపడేది కాదు. ఇరవయ్యేళ్ళ సర్వీసులో నా పాఠానికి అంత నిశ్శబ్దం ఎప్పుడూ దొరకలేదు. నాకూ సంబరంగానే ఉండేది. ఒకరోజు ఆ సంబరంలోనే ఒక చిన్న వీడియో తీసి బడి పేజీలో పెట్టాను. పిల్లల మొహాలు పడకుండా చక్రం ఒక్కటే, వెనక వాళ్ళ కేకలు. తెల్లారేసరికి ఎక్కడెక్కడి వాళ్ళో చూసేశారు.

పెద్దసారుకి, అంటే మా హెడ్మాస్టరుకి, అది కంటపడింది. ఎదురు రోడ్డులో కొత్త బడి వెలిసినప్పటి నుంచి ఆయనకి కంటిమీద కునుకు లేదు. ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి. నన్ను పిలిచి కుర్చీ చూపించారు, అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

"మేడమ్, దీన్ని పోటీ చేద్దాం. రోజుకొక్కసారే తిప్పండి. చక్రం ఎవరి దగ్గర ఆగితే వాళ్ళు ఒక జవాబు చెప్పి పోటీ నుంచి తప్పుకుంటారు. చివరికి మిగిలినవాళ్ళకి ట్యాబ్ ఇద్దాం. రోజూ లైవ్ పెడదాం. జనం రేపెవరు, రేపెవరు అని కాచుకుని కూర్చుంటారు."

"మరి మళ్ళీ మొదటి నుంచి నొక్కితే..."

"ఆ బటనే ఉండదు. పోటీ అన్నాక పోయినవాళ్ళు తిరిగి రాకూడదు కదా. చక్రాన్ని బడి ఖాతాలోకి మార్పించేశాను."

స్టాఫ్ రూములో ఈ మాట చెబితే లెక్కల సారు చాక్‌పీస్ ముక్కలు ఏరుకుంటూ, "ఇంకేం, చదువయిపోయింది, లాటరీ మొదలైంది" అన్నారు. నేను నవ్వేశాను. పై నుంచి వచ్చిన మాట, మనమేం చేస్తాం అనుకున్నాను.

మొదటి రోజు మిడత దగ్గర ఆగింది. వాడు మొక్కకి నీళ్ళెందుకో చెప్పి కూర్చున్నాడు. నేను "తీసేయి" నొక్కాను. తర్వాత బొంగరం. తర్వాత పిడుగు. లైవ్‌లో గుండె బొమ్మలు బుడగల్లా పైకి లేచేవి. కింద వ్యాఖ్యలు గబగబా పరిగెత్తేవి. వాటికి సమాధానాలివ్వడం, మర్నాటి ప్రశ్న తయారు చేసుకోవడం, ఇదే నా పనైపోయింది. తరగతిలో బెంచీలు కాస్త వదులైనట్టు అనిపించింది. జ్వరాల కాలం, ఎవరో రాలేదు కాబోలు అనుకున్నాను. హాజరు యాప్‌లో కూడా పిల్లలందరూ వచ్చినట్టే చూపించేది.

నాలుగో వంతు ఉల్లిపాయది.

మర్నాడు పాఠం మధ్యలో ఆ పిల్ల ఒక జోకు వేసింది. ఆకులు వంట చేసుకుంటే గిన్నెలెవరు తోముతారు మేడమ్ అంది. నాకు నవ్వొచ్చింది. నేనొక్కదాన్నే నవ్వాను. మిగతా పిల్లలు బిత్తరపోయి నా వంక చూశారు. మేడమ్ ఎందుకు నవ్వుతోందో వాళ్ళకి అర్థం కాలేదు. ఉల్లిపాయ ఒకసారి అటూ ఇటూ చూసి మళ్ళీ అదే జోకు గట్టిగా చెప్పింది. పక్కనున్న పిల్ల పెన్సిలు చెక్కుకుంటోంది. తల కూడా ఎత్తలేదు.

అలిగారేమో అనుకున్నాను. పిల్లల అలకలు ఒక పూట ఉంటాయి, పోతాయి.

సాయంత్రం బడి వదిలాక గేటు దగ్గర చూస్తే ఉల్లిపాయ ఒక్కతే నిలబడి ఉంది. బ్యాగు పట్టీలు రెండు చేతులతో పట్టుకుని రోడ్డు వంక చూస్తోంది. వాచ్‌మన్ గేటు సగం మూసేశాడు. ఇంకొంచెం ఉంటే ఆ పిల్ల భుజానికి తగిలేది.

"చూసుకోవయ్యా, పాప ఉంది కదా" అన్నాను.

"ఏ పాపండీ?" అన్నాడు అతను.

నాకు ఒళ్ళు మండింది. ఫోను తీసి వాళ్ళమ్మకి చేశాను. మీ అమ్మాయి ఇంకా ఇక్కడే ఉందండీ, ఎవరూ రాలేదు అన్నాను. అవతల వెనకెక్కడో కుక్కరు కూత వినిపిస్తోంది.

"ఎవరు కావాలండీ మీకు?"

"నేను సైన్సు మేడమ్‌ని. మీ అమ్మాయి..."

"రాంగ్ నెంబరేమో మేడమ్. మాకు ఒక్కడే కొడుకు. రెండో తరగతి."

అదే గొంతు. మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో మా పిల్ల అల్లరి భరించలేకపోతున్నాం మేడమ్ అని ముచ్చటగా చెప్పుకున్న గొంతు. నేను ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నిలబడిపోయాను. ఉల్లిపాయ నా మొహంలోకి చూస్తోంది. "అమ్మ వస్తోందా మేడమ్?" అని అడిగింది.

"నాతో రా. మా ఇంటికెళ్దాం" అని చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి మామూలుగానే ఉంది. వెచ్చగా, పెన్ను సిరా మరకలతో.

అప్పుడే నా కూతురు నీళ్ళ సీసా నింపుకుని వచ్చింది. నా పక్కకి చూసింది. మళ్ళీ నన్ను చూసింది.

"ఎవరితో మాట్లాడుతున్నావమ్మా?"

అది అబద్ధం ఆడే పిల్ల కాదు. రోజూ ఆ ఉల్లిపాయతోనే డబ్బా పంచుకుని తినేది. ఉల్లిపాయ దాని వంక అలా చూస్తూనే ఉంది. తర్వాత నా చేతిలోంచి తన చెయ్యి మెల్లగా లాక్కుంది. ఏడవలేదు. తిరిగి బడి లోపలికి నడిచింది, ఆరో తరగతి గది వైపు. నేను వెనకే పరిగెత్తాను. వరండాలో ఎవరూ లేరు. గదికి తాళం వేసి ఉంది. నేను వెతుకుతున్నంతసేపూ నా కూతురు గేటు దగ్గర నుంచి అమ్మా, అమ్మా అని పిలుస్తూనే ఉంది.

ఆ రాత్రి మిడత గుర్తొచ్చాడు. బొంగరం, పిడుగు గుర్తొచ్చారు. వాళ్ళ బెంచీల్లో మిగతా పిల్లలు సర్దుకుని కూర్చున్నారన్న సంగతి అప్పుడు గానీ నా బుర్రకి తట్టలేదు.

పొద్దున్నే పెద్దసారు గదిలోకి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. రికార్డులు తెరిచి చూపించారు. ఆ నలుగురూ ఎప్పుడూ ఈ బళ్ళో చేరనే లేదు. గ్రూప్ ఫోటో చూపించారు. పిల్లలు భుజాలు ఆనించుకుని నిలబడ్డారు, మధ్యలో ఎక్కడా ఖాళీ లేదు.

"మీరు అలిసిపోయారు మేడమ్. లైవ్‌లు, వ్యాఖ్యలు, ఇవన్నీ నెత్తినేసుకున్నారు. ఈ పూట సెలవు తీసుకోండి."

"చక్రం ఆపేయండి సార్. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఇప్పుడా? ఎంతమంది చూస్తున్నారో మీకు తెలుసా?" అని ఫోను నా ముందుకు తోశారు. "మీరు రాకపోయినా నేను తిప్పుతాను. కానీ ఇవి కూడా ఒకసారి చదవండి."

చదివాను. చినుకు ఎప్పుడు, అని ఒకడు. టీచరు కూతురంట, అందుకే దాని దగ్గర ఆగట్లేదు, అని ఒకామె. మాకు చినుకు కావాలి. చినుకు, చినుకు, చినుకు. కింద వరకు అదే. నా కూతురు పెట్టుకున్న ఆ పేరు నా నోట తప్ప ఎక్కడా వినపడకూడదని అప్పుడు నాకు అనిపించింది. చెవిటివాడి ముందు శంఖం ఊది లాభం లేదని లేచి వచ్చేశాను.

స్టాఫ్ రూములో ఎవరూ లేరు. అందరూ తరగతుల్లో ఉన్నారు. పక్క గదిలో ఎవరో ఎక్కాలు చెప్పిస్తున్నారు. నా కప్పులో టీ మీద మీగడ కట్టింది. నేను లాప్‌టాప్ తెరిచి చక్రం పేజీ తీశాను. ఖాతా బడిది కాబట్టి చక్రాన్ని మొత్తంగా తీసేసే వీలు నాకు లేదు. పేర్లు మార్చే వీలు మాత్రం ఉంచారు.

పిల్లని ఇంట్లో కూర్చోబెడితే? పేరు ఇక్కడే తిరుగుతుంటుంది. బడి మాన్పిస్తే? పేరు ఇక్కడే ఉంటుంది. పేరు మీద ఆగితేనే కదా ఈ ఘోరమంతా... ఆగడానికి పేరే లేకపోతే? సొంత పిల్ల పోటీలో ఉండకూడదని నేనే తప్పించాను సార్ అంటే పెద్దసారు కూడా కాదనలేరు. న్యాయంగానే ఉంటుంది. మెచ్చుకుంటారు కూడా.

మిగతా పిల్లల సంగతి నేను ఆలోచించలేదు. ఆ నిమిషంలో నేను టీచర్ని కాదు, దాని తల్లిని.

చినుకు అన్న ముక్క లేత నీలం రంగులో ఉంది. దాని పక్కన చిన్న అడ్డగుర్తు. దాని మీద నొక్కాను. పెట్టె పైకి వచ్చింది.

ఈ పేరు తీసేయాలా?

నొక్కేశాను.

వేలు ఇంకా మీట మీదే ఉంది...

అదే పెట్టె. అదే ప్రశ్న. అదే మాట.

చక్రం ఎవరి మీద ఆగితేనేం... పేరు తీసింది చక్రం కాదు. ప్రతిసారీ నేనే. ఈ వేలే.

పరిగెత్తాను. చెప్పులు ఎక్కడో జారిపోయాయి. ఆరో తరగతిలో లెక్కల సారు పీరియడ్. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు వినిపించింది.

"మూడో వంతు, ఆరో వంతు కలిపితే ఎంతర్రా?"

నా కూతురు లేచి నిలబడి ఉంది. చెయ్యి పైకెత్తి ఉంది.

"సగం సార్."

"ఎవరూ చెప్పరా?"

"సగం సార్. సార్, సగం."

ఆయన చూపు ముందు బెంచీ మీదుగా మెల్లగా జరిగి, దాని మొహం మీదుగా జరిగి, వెనక బెంచీకి వెళ్ళింది. "క్లాసుకి క్లాసే నోళ్ళు పడిపోయాయా?" అని బోర్డు వైపు తిరిగారు. నా కూతురు చెయ్యి ఇంకా దించలేదు. గుమ్మంలో నన్ను చూసింది.

"మేడమ్... నేను చెప్తున్నా సారు వినట్లేదు."

దాన్ని రెండు చేతులా ఎత్తుకున్నాను. అంత పెద్ద పిల్లని ఎత్తుకుని చాలా ఏళ్ళయింది. తరగతంతా నన్ను వింతగా చూసింది. గాలిని కావలించుకున్న మనిషిని చూసినట్టు చూశారు.

పెద్దసారు గదికి తీసుకెళ్ళాను. ఆ బటన్ మళ్ళీ పెట్టించండి సార్, మళ్ళీ మొదటి నుంచి అన్న బటన్, ఇప్పుడే పెట్టించండి, నా కూతురి పేరు తిరిగి రావాలి, అన్నాను. నా మాటలు నాకే అర్థం కానంత గబగబా వస్తున్నాయి. ఆయన లేచి మంచినీళ్ళ గ్లాసు నా ముందు పెట్టారు. చాలా నెమ్మదిగా, చాలా మర్యాదగా మాట్లాడారు.

"ఆ బటన్ ఒకసారి తీయించేస్తే ఇంక రాదట మేడమ్. అయినా... మీకు పిల్లలు లేరని ఇక్కడ ఎవరూ చులకనగా చూడలేదు. ఎప్పుడైనా చూశామా చెప్పండి?"

నా చెయ్యి పట్టుకుని నిలబడ్డ పిల్ల ఆ మాట వింది. తల ఎత్తి నా వంక చూసింది. దాని వేళ్ళు నా వేళ్ళ మధ్య బిగుసుకున్నాయి.

ఇంటికి నడిచి వెళ్ళాం. దారిలో లైవ్ మొదలైందని ఫోను మోగింది. పెద్దసారు తిప్పుతున్నారు. వ్యాఖ్యలు చూశాను. చినుకు ఊసు ఒక్కరూ ఎత్తలేదు. నిన్నంతా అరిచిన వాళ్ళే ఇప్పుడు ఇంకెవరి పేరో జపిస్తున్నారు.

మా ఆయన కళ్ళద్దాల షాపులో పనిచేస్తారు. సాయంత్రం వచ్చి, చెప్పులు విప్పి, సోఫాలో కూర్చోబోయారు. అక్కడ పాప కూర్చుని ఉంది. చప్పున పక్కకి జరిగింది, లేకపోతే దాని మీదే కూర్చునేవారు.

"నాన్నా" అంది.

ఆయన పేపరు విప్పారు.

"నాన్నా, నేను ఇక్కడున్నా."

ఆయన పేజీ తిప్పారు. నేను ఇక ఉండలేకపోయాను. "ఏవండీ, పాప పిలుస్తోంది. ఒక్కసారి ఇటు చూడండి" అన్నాను.

"ఏ పాప?" అని నవ్వారు. నేనేదో ఆట పట్టిస్తున్నాననుకున్నారు. నా మొహం చూసి నవ్వు ఆపేశారు. "ఒంట్లో బాలేదా? పోనీ ఈ పూట నేను వండేదా?"

ఆయన మంచివాడు. అదే భరించలేకపోయాను. వంటింట్లో ఆయన గిన్నెల చప్పుడు చేస్తుంటే నేను పాపని లోపలి గదికి తీసుకెళ్ళి మంచం మీద కూర్చోబెట్టుకున్నాను. అది నా కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. తర్వాత నా చెవి దగ్గరికి వచ్చింది.

"అమ్మా... నాన్నకి నా మీద కోపమా?"

"లేదమ్మా. అలిసిపోయారు."

"నువ్వు నన్ను చూస్తున్నావుగా?"

"చూస్తున్నా."

"కళ్ళు మూయకు."

మూయనన్నాను. మూయలేదు. దాని చెయ్యి పట్టుకుని అలాగే కూర్చున్నాను. అది నిద్రపోయింది. గదిలో దాని తలనూనె వాసన. ఊపిరి. గోడ మీద బల్లి. బయట ఏదో బండి వెళ్ళింది... దాని ఊపిరి. కళ్ళు మండాయి. నీళ్ళు కారాయి. మూయలేదు. కిటికీ తెల్లబడటం చూశాను. హమ్మయ్య, తెల్లారింది అనుకున్నాను.

అనుకున్నానంతే... ఒక్క రెప్పపాటు.

చేతిలో ఏమీ లేదు.

మంచం లేదు. నేను ఇస్త్రీ బల్ల పక్కన నేల మీద కూర్చుని ఉన్నాను. ఆ గదిలో మడతపెట్టిన బట్టలు, పాత ఫ్యాను, ఒక సూట్‌కేసు. దాని పుస్తకాలు లేవు. గోడ మీద దాని గీతలు లేవు. తలనూనె వాసన కూడా లేదు. ఆయన తలుపు దగ్గర నిలబడి, "రాత్రంతా ఈ ఇస్త్రీ గదిలో ఏం చేస్తున్నావు?" అన్నారు.

అప్పటి నుంచి నేను బడికి పోవడం మానేశాను. ఒక్కసారి మాత్రం వెళ్ళాను, సంతకం పెట్టాల్సి ఉండి. ఆరో తరగతికి ఇక్కడ ఎప్పుడూ ఒకటే సెక్షన్ కదా మేడమ్, అన్నాడు వాచ్‌మన్. మా బి సెక్షను గదిలో విరిగిన బెంచీలు, పాత గ్లోబులు పెట్టుకున్నారు. పెద్దసారు ఆ వరండా వైపు రావడం లేదట. పగలు కూడా గదికి గడియ పెట్టుకుని కూర్చుంటున్నారట. తలుపు కొట్టి, నేను సార్ అన్నాను. లోపల నుంచి చాలాసేపటికి, "ఒక్కరే వచ్చారా?" అని అడిగారు. తలుపు మాత్రం తీయలేదు. ఆయన మిగతా పేర్లన్నీ, చివరికి ట్యాబ్ గెలిచిన పేరుతో సహా, తన వేలితో నొక్కారు. నొక్కినవాళ్ళకి గుర్తుంటారని అప్పుడే నాకు తెలిసింది. బడి పేజీ మాత్రం బ్రహ్మాండంగా నడుస్తోంది. ఏడో తరగతికి ఎవరో కొత్త మేడమ్ వచ్చిందట, చక్రం బాగా తిప్పుతుందట. ఆమెకి ఫోను చేసి చెప్పాను. పాపం ఓపిగ్గానే విని, మీ పిల్లలు ఏ తరగతి మేడమ్ అని అడిగింది. నేను ఫోను పెట్టేశాను.

ఇవాళ మధ్యాహ్నం ఆ పాత చక్రం పేజీ మళ్ళీ తెరిచాను. బడి వాళ్ళు దాన్ని మర్చిపోయినట్టున్నారు. పేర్లు లేవు, రంగులు లేవు, తెల్లటి గుండ్రం ఒక్కటే. కింద కొత్త పేరు చేర్చే గడి ఉంది. చినుకు అని రాసి నొక్కాను. ఎర్ర అక్షరాలు వచ్చాయి.

ఈ పేరు ఇప్పటికే ఉంది.

ఎక్కడ ఉంది? తెల్లగా, ఖాళీగా ఉంది చక్రం. చెరిపి మళ్ళీ రాశాను. అదే మాట. మళ్ళీ రాశాను.

ఇవాళ మా ఆయనకి సెలవు. నా వెనక వచ్చి నిలబడి తెర మీదకి వంగి చదివారు. నేను బడి పని చేసుకుంటున్నానని సంతోషించినట్టున్నారు, భుజం మీద చెయ్యి వేశారు.

"చినుకు... ఎవరిదీ పేరు?"

నేను గడిలో పేరు చెరిపేశాను.

"బాగుంది. మనకి పాప పుడితే ఇలాగే పిలుద్దాం" అన్నారు.

నేను ఆయన వైపు తిరిగాను. అప్పుడు చూశాను. ఆయన చొక్కా అంచు ఒక పక్క కిందికి సాగింది, ఎవరో చిన్న గుప్పిటతో పట్టి లాగినట్టు. ఆయన ఏదో ఆలోచిస్తూ దాన్ని సర్దుకున్నారు. మళ్ళీ సాగింది. టీ పెట్టనా అంటూ వంటింటి వైపు నడిచారు. గుడ్డ వెనక్కి సాగే ఉంది, ఆయనతో పాటు వెళుతోంది. సాగింది ఒక్కచోట కాదు, నాలుగైదు చోట్ల.